డెంగీ జ్వరం: అందరూ చూసే అంకె ఒకటి, చూడాల్సింది ఇంకొకటి

ఆగస్టు వచ్చిందంటే హైదరాబాద్‌లో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే సందేశం: "అర్జెంట్. డెంగీ పేషెంట్‌కి బీ పాజిటివ్ ఎస్‌డీపీ కావాలి." ఎస్‌డీపీ అంటే ఒకే దాత నుంచి మెషిన్‌తో తీసిన ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు. పేషెంట్‌కి ప్లేట్‌లెట్ కౌంట్ ఎంతో రాయరు, రక్తస్రావం ఉందో లేదో రాయరు. ఫోన్ చేసి అడిగితే చాలాసార్లు తేలేది ఇది: కౌంట్ 38 వేలు, ఎక్కడా రక్తం రావట్లేదు, మనిషి లేచి కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. ఇంట్లోవాళ్లకి మాత్రం రాత్రంతా కంటిమీద కునుకు లేదు. వాళ్ల భయాన్ని తప్పుపట్టలేం. ఆ భయాన్ని తీసుకెళ్లి ప్లేట్‌లెట్ల మీద పెట్టిన పుకార్లనే తిట్టాలి.

అపోహ: ప్లేట్‌లెట్లు పడిపోతే ప్రాణం పోతుంది. వెంటనే ఎక్కించాలి.

డెంగీ ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా ప్లాస్మా కారిపోవడం వల్ల. సన్నటి రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీటిభాగం బయటికి ఊరి పొట్టలోనూ ఊపిరితిత్తుల చుట్టూనూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ జారిపోతుంది, మనిషి షాక్‌లోకి, అంటే అవయవాలకి రక్తం చాలని స్థితిలోకి వెళతాడు. డెంగీలో కనిపించే పెద్ద రక్తస్రావాలు కూడా చాలావరకు ఈ షాక్‌ని ఆలస్యంగా పట్టుకున్నవాళ్లలోనే వస్తాయి.

ప్లాస్మా కారుతోందని తెలుసుకోవడానికి కొత్త టెస్టేమీ అక్కర్లేదు. మీ చేతిలో ఉన్న సీబీపీ (రక్తకణాల పరీక్ష) కాగితంలోనే పీసీవీ అని ఉంటుంది, కొన్ని ల్యాబుల్లో హెమటోక్రిట్ అని వేస్తారు. రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతమో చెప్పే అంకె అది, రక్తం చిక్కబడితే పెరుగుతుంది. మొదట్లో 40 ఉన్నది 48 అయిందంటే 20 శాతం పెరిగినట్టు, ప్లాస్మా కారుతున్నట్టు. పోల్చుకోవడానికి పాత అంకె ఉండాలి కాబట్టి జ్వరం వచ్చిన మొదటి మూడు రోజుల్లోనే ఒక సీబీపీ చేయించి ఆ రిపోర్టు దాచండి. రక్తహీనత ఉన్న ఆడవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. 30 నుంచి 37కి పెరిగినా రిపోర్టులో అది నార్మల్ గీతల మధ్యే ఉంటుంది, ఎవరి కంటా పడదు. అప్పటికే సెలైన్ బాగా ఎక్కినా, లోపల రక్తస్రావం జరుగుతున్నా పీసీవీ తక్కువగా కనిపించవచ్చు. అందుకే దాన్ని నాడి, బీపీలతో కలిపి చదవాలి.

మరి ఎప్పుడు కారుతుంది? సరిగ్గా జ్వరం దిగేటప్పుడు. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య జ్వరం తగ్గుతుంది, ఆ తర్వాతి 24 నుంచి 48 గంటలే అసలు గండం. "జ్వరం పోయింది, ఇంటికి తీసుకెళ్లిపోతాం" అన్న మాటంత ఖరీదైన మాట డెంగీలో ఇంకోటి లేదు. ఆ రెండు రోజుల్లో తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, ముక్కు నుంచో చిగుళ్ల నుంచో రక్తం, నల్లటి విరేచనం, మగత లేదా విపరీతమైన చిరాకు, చేతులు కాళ్లు చల్లబడటం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కౌంట్ ఎంతుందని చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బీపీ 100/80 వస్తే బాగానే ఉందనుకుంటారు. బాగాలేదు. పై అంకెకీ కింది అంకెకీ తేడా 20కి వచ్చిందంటే డెంగీలో దాన్ని షాక్‌గానే చూస్తాం.

ఇక ఎక్కించడం సంగతి. మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం గట్టి రక్తస్రావం ఉంటే ఎక్కించాలి. రక్తస్రావం లేకపోతే కౌంట్ 10 వేల లోపు పడినప్పుడే ఆ ఆలోచన. గర్భిణులకీ, ఆపరేషన్ అవసరమైనవాళ్లకీ లెక్క వేరు, అది డాక్టరు చూసుకుంటారు. కౌంట్ 20 వేలు, అంతకంటే తక్కువ ఉన్న పెద్దవాళ్ల మీద సింగపూర్, మలేసియాల్లో చేసిన ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినందువల్ల రక్తస్రావాలు తగ్గలేదు, దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి. కారణం కష్టమేమీ కాదు. వైరస్ ఎముక మజ్జ పనిని కొన్నాళ్లు మందగింపజేస్తుంది, ఉన్న ప్లేట్‌లెట్లని ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే నాశనం చేస్తుంది. బయటినుంచి వచ్చినవాటికీ అదే గతి. ఒక ఆర్‌డీపీ యూనిట్ (ఒకరు దానం చేసిన రక్తం నుంచి వేరుచేసిన ప్లేట్‌లెట్లు) మామూలుగా ఐదు నుంచి పది వేలు, ఒక ఎస్‌డీపీ 30 నుంచి 50 వేలు పెంచాలి. డెంగీలో ఆ పెరిగింది నిలవదు. పైగా ఎస్‌డీపీ అంటే 200 నుంచి 300 మిల్లీలీటర్ల ద్రవం, ఊపిరితిత్తుల చుట్టూ ఇప్పటికే నీరు చేరినవాళ్లకి అది భారమే. గండం గడిచాక కౌంట్ దానంతటదే లేస్తుంది.

ఉదయం ఒక ల్యాబ్‌లో 22 వేలు, సాయంత్రం ఇంకో ల్యాబ్‌లో 60 వేలు వచ్చిందా? ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటే, లేదా పెద్ద సైజువి ఉంటే మెషిన్ తక్కువ లెక్కపెడుతుంది. స్మియర్ వేసి, అంటే రక్తపు చుక్కని గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోపులో చూడమని అడగండి.

అపోహ: ఒళ్లునొప్పులకి ఒక సూది వేయించుకుంటే సరి.

బస్తీ క్లినిక్‌లో వేసే నొప్పి సూది చాలాసార్లు డైక్లోఫెనాక్. డెంగీలో అదీ వద్దు, ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ కూడా వద్దు. కడుపులో రక్తస్రావం తెచ్చిపెడతాయి. కండకి వేసే ఏ సూదైనా అక్కడ రక్తం గడ్డకట్టి వాచే ప్రమాదం ఉంది. పారాసిటమాల్ ఒక్కటే: పెద్దవాళ్లకి 500 లేదా 650 మిల్లీగ్రాములు, కనీసం ఆరు గంటల ఎడంతో. పిల్లలకి కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్లు సొంతంగా ఆపకుండా డాక్టర్ని అడగాలి.

బొప్పాయి ఆకు రసం, కివీ, మేకపాలు

బొప్పాయి ఆకు కౌంట్‌ని కాస్త పెంచుతుందని కొన్ని చిన్న పరిశోధనలు అన్నాయి. ప్రాణాలు కాపాడుతుందని ఎవరూ చూపలేదు. ఆ చేదుకి వాంతి చేసుకుంటే ఒంట్లో ఉన్న నీరూ పోతుంది. కివీ తినాలనిపిస్తే తినండి, అది పండు, మందు కాదు. లీటరు నీళ్లలో ఒక ప్యాకెట్ కలిపిన ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు వీటన్నిటికంటే నయం.

అపోహ: ఎన్‌ఎస్1 నెగెటివ్ వచ్చింది, కాబట్టి డెంగీ కాదు

ఎన్‌ఎస్1 అంటే రక్తంలో దొరికే డెంగీ వైరస్ ప్రొటీన్. అది మొదటి నాలుగైదు రోజుల్లోనే బాగా దొరుకుతుంది, ఆ తర్వాత ఐజీఎం (వైరస్ మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ) చూడాలి. రెండోసారి డెంగీ వచ్చినవాళ్లలో ఎన్‌ఎస్1 తప్పిపోయే అవకాశం ఎక్కువ. అవును, రెండోసారి వస్తుంది. వైరస్ నాలుగు రకాలు, ఒక రకం వచ్చిపోతే మిగతా మూడింటికీ దారి తెరిచే ఉంటుంది. వేరే రకంతో వచ్చే రెండో దెబ్బే తరచుగా గట్టిగా తగులుతుంది.

అపోహ: సెలైన్ ఎంత ఎక్కితే అంత మంచిది

కాదు. గండం దాటాక బయటికి ఊరిన ప్లాస్మా తిరిగి నాళాల్లోకి వస్తుంది. అప్పటికీ బాటిళ్లు వేలాడదీస్తూనే ఉంటే ఆయాసం వస్తుంది.

అపోహ: డెంగీ వచ్చేది మురికి కాలవ దోమ వల్లే

1897లో రొనాల్డ్ రాస్ బేగంపేటలో మలేరియా క్రిమిని కనుక్కున్నది అనాఫిలిస్ దోమలో. డెంగీ తెచ్చేది ఏడిస్. ఇది పగలే కుడుతుంది, ఇంట్లో నిలవబెట్టిన శుభ్రమైన నీళ్లలోనే పెరుగుతుంది: మూత సరిగా లేని సంపు, కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, మేడ మీద పాత టైరు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. డ్రమ్ములో నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచున గోడకి అతుక్కుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. వారానికోసారి పీచుతో లోపలి గోడ గట్టిగా రుద్ది కడిగాకే మళ్లీ నీళ్లు పట్టండి.