బొమ్మలేసిన కుర్చీలో కూర్చోవచ్చా?

కాన్వాస్ మీద బొమ్మలు, గోడల మీద గ్రాఫిటీ (రంగురంగుల రాతలు, బొమ్మలు), చెక్కతో కుర్చీలు, బల్లలు. ఈ మూడూ కలిపి చేసే పని నాది. విజయవాడలో మా షెడ్డుకు వచ్చేవాళ్లు తరచూ అనే మాటలివి.

అపోహ: గ్రాఫిటీ అంటే గోడలు పాడుచేయడమే.
ఒప్పుకోని వాళ్ల గోడ మీద వేస్తే తప్పే, దానికి మన రాష్ట్రంలో 1997 నుంచి చట్టం కూడా ఉంది. అడిగి వేస్తే గొడవే లేదు. ఇక ఆ శైలి చెక్క మీదికి రావడం నాతో మొదలవలేదు. న్యూయార్క్ వీధి గోడల మీద రాసిన చిత్రకారుడు బాస్కియా 1980లలోనే తలుపుల మీద, చెక్క పలకల మీద బొమ్మలు వేశాడు.

అపోహ: ఇదంతా ఫారిన్ ఫ్యాషన్.
ఒకసారి ఆటోనగర్ వెళ్లి చెక్క బాడీ లారీని చూడండి. వడ్రంగి పలకలు బిగించాక, వాటి మీదే పెయింటర్ పూలు వేస్తాడు, పేర్లు రాస్తాడు. అక్షరానికి నీడ వేయడం ఆ పెయింటర్ల దగ్గర చూసి నేర్చుకోవాల్సిందే.

అపోహ: కొండపల్లి బొమ్మల చెక్కతో కుర్చీ చేస్తే బాగుంటుంది.
బాగుండదు. బొమ్మలకు వాడే తెల్ల పొణికి తేలిక, మెత్తన. చెక్కడానికి హాయి, మనిషి బరువుకు పనికిరాదు. నేను టేకు వాడతాను.

అపోహ: చెక్క మీద ఏ రంగైనా పడుతుంది.
ఎక్కువ పనులు పాడయ్యేది ఇక్కడే. టేకులో సహజంగా నూనె ఉంటుంది. థిన్నర్ గుడ్డతో తుడిచి, ప్రైమర్ కొట్టకపోతే రంగు పెచ్చులూడుతుంది. ఎనామిల్ పూర్తిగా గట్టిపడకముందే దాని మీద లాకర్ (త్వరగా ఆరే మెరుపు పూత) స్ప్రే కొడితే ముడతలు పడుతుంది. వానాకాలం గాలిలో తేమకు లాకర్ తెల్లగా మసకబారుతుంది కూడా. బల్లపై పలకకు పైన మాత్రమే రంగేసి అడుగు వదిలేయకూడదు. తేమ ఒక వైపు నుంచే ఎక్కి పలక వంగిపోతుంది. అందుకే అడుగున కూడా ఒక కోటింగ్ వేస్తాను, ఎవరూ చూడకపోయినా.

కాళ్లకు బిగింపుకు ముందే రంగు వేస్తే పని సులువు. కానీ కుసుల (రంధ్రంలోకి దూర్చి బిగించే కొసల) మీద టేప్ అతికించాలి. రంగు పూసిన కుసిని జిగురు సరిగా పట్టదు, నాలుగు రోజులు కూర్చుంటే కుర్చీ ఊగుతుంది.

అపోహ: స్ప్రే కొట్టేటప్పుడు ముక్కుకు కర్చీఫ్ చాలు.
చాలదు. సర్జికల్ మాస్కు కూడా థిన్నర్ ఆవిరిని ఆపలేదు. ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ (ఫిల్టర్ డబ్బా) ఉన్న మాస్కే పెట్టుకోవాలి, తలుపులు తెరిచి కొట్టాలి.

అపోహ: ఇవి చూడటానికే, కూర్చోవడానికి కాదు.
అలా అంటే నాకు కోపమొస్తుంది. సీటు ఎత్తు 17-18 అంగుళాలు, వీపు ఆన్చే పలక కాస్త వెనక్కి వాలి ఉండాలి. ఆ లెక్క కుదిరాకే బ్రష్ పట్టుకుంటాను. పైన పీయూ (పాలీయురెథేన్) కోటింగ్ ఉంటుంది కాబట్టి టీ ఒలికినా తడిగుడ్డతో తుడిచేయొచ్చు. ఎండ పడే బాల్కనీలో మాత్రం వేయకండి. బెజవాడ ఎండకు ఫ్లోరోసెంట్ రంగులు అన్నిటికంటే ముందు వెలిసిపోతాయి.