పిల్లలకోడి ఎంత దూరం?

కార్తీక మాసంలో చీకటి పడ్డాక తూర్పున గుత్తిగా కనిపించే చుక్కల్ని మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు. పంచాంగంలో అవే కృత్తికలు. ఎలైట్ డేంజరస్ అనే కంప్యూటర్ ఆటలో ఓడ నడుపుకుంటూ అక్కడిదాకా వెళ్లొచ్చు. సూర్యుడి దగ్గర బయలుదేరితే సుమారు 380 కాంతి సంవత్సరాలు. నిజం కృత్తికలు మాత్రం 440 దగ్గర ఉన్నాయి. మధ్యలో ఆ అరవై ఎటుపోయాయి?

2014లో వచ్చిన ఈ ఆటలో మన పాలపుంత మొత్తం అసలు కొలతలతో ఉంది. 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు! వాటిలో శాస్త్రజ్ఞులు చూసి, కొలిచి, పట్టికలకెక్కించినవి సుమారు లక్షన్నర. మిగతావన్నీ ప్రోగ్రామ్ పుట్టించినవే. ఏది ఏదో పేరు చూస్తే తెలిసిపోతుంది. హెచ్ఐపీ అని ఉండి పక్కన అంకె ఉంటే అది హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచిన నక్షత్రం. హెచ్‌డీ అని ఉంటే హెన్రీ డ్రేపర్ పట్టికలోది. ఆ పట్టిక కోసం ఆనీ జంప్ కానన్ గాజు పలకల మీది వర్ణపటాలను (నక్షత్రాల వెలుగు రంగులుగా విడిపోయిన పట్టీలను) ఒక్కొక్కటిగా చూసి, రెండు లక్షలకు పైగా నక్షత్రాలను వర్గీకరించారు. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి. నోరు తిరగని పేరు, దాని వెనక అక్షరాలూ అంకెలూ ఉంటే అది కంప్యూటర్ సృష్టి.

ఇక దూరం సంగతి. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్టుంటుంది. ఆరు నెలల్లో భూమి సూర్యుడికి అవతలి వైపు చేరేసరికి దగ్గరి నక్షత్రాలు కూడా ఇలాగే జరిగినట్టు కనిపిస్తాయి. ఎంత తక్కువ జరిగితే అంత దూరం. డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను. అందులో వెయ్యో వంతుల్లో కొలవాలి. 1997లో వెలువడిన హిప్పార్కస్ పట్టిక ప్రకారం కృత్తికల కోణం అలాంటివి ఎనిమిదిన్నర. తర్వాత గయా ఉపగ్రహం మరింత సూక్ష్మంగా కొలిస్తే ఏడున్నర కూడా రాలేదు. ఆ ఒక్క వెయ్యో వంతుకే దూరం సుమారు 385 నుంచి 440 దాటింది. గయా ఫలితాలు రాకముందే ఆట తయారైపోయింది, కృత్తికలు పాత లెక్క దగ్గరే ఉండిపోయాయి. అలా ఉంచేయడమే నాకు నచ్చింది: 1997 నాటికి మనిషికి తెలిసిన ఆకాశంలో ఇప్పుడు తిరిగి రావచ్చు.

పట్టికలకు ఇంకో లోటుంది. వెలుగున్నవే వాటిలోకి ఎక్కుతాయి. పాలపుంతలో ఎక్కువగా ఉన్నవేమో ఎర్ర మరుగుజ్జులనే చిన్న మసక నక్షత్రాలు. అందుకే ప్రోగ్రామ్ ఒక్కో ప్రాంతంలో ఎంత పదార్థం ఉండాలో లెక్కగట్టి, తెలిసిన నక్షత్రాలు పోను మిగిలినదానితో ఇలాంటి మసక చుక్కల్ని పుట్టిస్తుంది. 2017 ఫిబ్రవరిలో సుమారు 40 కాంతి సంవత్సరాల దూరంలో, కుంభరాశి దిక్కున, ట్రాపిస్ట్-1 అనే ఎర్ర మరుగుజ్జు చుట్టూ ఏడు గ్రహాలున్నాయని ప్రకటించారు. ఆటగాళ్లు వెళ్లి చూస్తే దాదాపు అదే చోట ప్రోగ్రామ్ ముందే ఒక మసక నక్షత్రాన్ని పెట్టి ఉంది, దాని చుట్టూ ఏడు గ్రహాలతో సహా! తయారీదారులు దాని వివరాలు సరిదిద్ది, అంకెల పేరు తీసేసి ట్రాపిస్ట్-1 అని రాశారు.