ప్రభుత్వ కొనుగోళ్లలో చిన్న పరిశ్రమలకు 25 శాతం: అపోహలు - వాస్తవాలు

ఉక్కు కర్మాగారం, హిందుస్థాన్ షిప్‌యార్డ్, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, బీహెచ్ఈఎల్ ప్లాంటు వంటి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలన్నీ విశాఖపట్నం చుట్టుపక్కలే ఉన్నందువల్ల, గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డు, రెండు లేత్ మిషన్లు ఉన్నవారు కూడా ఏదో ఒక రోజు ప్రభుత్వ టెండరు గురించి ఆలోచిస్తారు. ఆ టెండర్లు వేసే చిన్న పరిశ్రమలకు, వాటిని పిలిచే కొనుగోలు విభాగాలకు సలహాలిచ్చే పని నాది. కేంద్ర సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో నిర్ణీత శాతం (ఇప్పుడు 25) సూక్ష్మ, చిన్న తరహా సంస్థల నుంచి చేయాలన్న 2012 నాటి కేంద్ర ఉత్తర్వు గురించి ఈ రెండు వర్గాల్లోనూ అపోహలున్నాయి. చిన్న పరిశ్రమలవారు దాన్ని హక్కు పత్రంగా చూస్తే, కొనుగోలు అధికారులు సంవత్సరాంతంలో నింపవలసిన ఒక గడిగా చూస్తున్నారు.

అపోహ: ప్రతి టెండరులోనూ 25 శాతం చిన్న పరిశ్రమలకే ఇచ్చి తీరాలి.

ఈ లక్ష్యం సంస్థ మొత్తం వార్షిక కొనుగోళ్లకు వర్తిస్తుంది గాని, విడివిడిగా ఒక్కో టెండరుకు వర్తించదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) అభివృద్ధి చట్టంలోని 11వ సెక్షన్ కింద వెలువడి, 2012 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఉత్తర్వు మొదట 20 శాతం లక్ష్యాన్ని పెట్టి, మూడేళ్ల గడువు తర్వాత, అంటే 2015 ఏప్రిల్ నుంచి, దాన్ని తప్పనిసరి చేసింది. 2018 సవరణతో అది 25 శాతానికి పెరిగింది. లక్ష్యాన్ని అందుకోలేని మంత్రిత్వ శాఖ ఎంఎస్ఎంఈ శాఖ కార్యదర్శి అధ్యక్షతన ఉండే సమీక్షా సంఘానికి కారణాలు చెప్పుకోవాలి. అంటే, ఒక టెండరు పూర్తిగా పెద్ద కంపెనీకి వెళ్లినంత మాత్రాన ఉత్తర్వును ఉల్లంఘించినట్లు కాదు. అలాగే ఒక టెండరులో చిన్న పరిశ్రమకు వాటా ఇచ్చినంత మాత్రాన ఆ సంస్థ లక్ష్యం నెరవేరినట్లూ కాదు.

అపోహ: 15 శాతం వరకు ఎక్కువ ధర ఇచ్చి మన దగ్గర కొంటారు.

ఈ ఒక్క నమ్మకం వల్ల నష్టపోయినన్ని చిన్న సంస్థలు మరే నమ్మకం వల్లా నష్టపోయి ఉండవు. ఎల్-1 ధర, అంటే టెండరులో వచ్చిన అతి తక్కువ ధర, ఒక పెద్ద కంపెనీ వేసినదై, చిన్న పరిశ్రమ వేసిన ధర దానికన్నా 15 శాతం లోపు ఎక్కువగా ఉన్నప్పుడు, ఎల్-1 ధరకు దిగి వచ్చి సరఫరా చేసే అవకాశాన్ని ఆ పరిశ్రమకు ఇస్తారు. ఉదాహరణకు పెద్ద కంపెనీ ధర 100 లక్షలు, మీ ధర 112 లక్షలు అనుకుందాం. 100 లక్షల లెక్కన చేయడానికి ఒప్పుకుంటేనే టెండరు విలువలో కనీసం 25 శాతం మేరకు ఆర్డరు వస్తుంది. 115 లక్షల లోపు ధర వేసిన చిన్న పరిశ్రమలు ఒకటికన్నా ఎక్కువ ఉంటే ఆ వాటాను పంచుతారు. విభజించడానికి వీలుకాని వస్తువైతే, ఉత్తర్వు ఉద్దేశాన్ని బట్టి పూర్తి ఆర్డరునే చిన్న పరిశ్రమకు ఇవ్వవచ్చు. ఎల్-1 స్వయంగా చిన్న పరిశ్రమే అయితే ఈ లెక్కతో పని లేదు, ఆర్డరు దానికే వెళుతుంది. కాబట్టి పెద్ద కంపెనీ ధరకు చేయగలమో లేదో తేల్చుకోకుండా, 15 శాతం వెసులుబాటు ఉంది కదా అని ధర పెంచి వేసేవారు, చివరకు గిట్టుబాటు కాని ధరకు ఒప్పుకోవడమో, వచ్చిన అవకాశాన్ని వదులుకోవడమో చేయవలసి వస్తుంది.

అపోహ: లక్ష్యం నెరవేరకపోవడానికి కారణం చిన్న పరిశ్రమలకు సామర్థ్యం లేకపోవడమే.

కొనుగోలు అధికారుల నోట తరచుగా వినిపించే ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కోకింగ్ బొగ్గును ఆటోనగర్‌లో ఎవరూ తయారు చేయలేరు, ముడిచమురును చిన్న పరిశ్రమ సరఫరా చేయలేదు, ఒక యంత్రాన్ని తయారు చేసిన కంపెనీ మాత్రమే ఇవ్వగల స్పేర్లను మరొకరి దగ్గర కొనడం కుదరదు. చమురు కంపెనీలు తమ వార్షిక నివేదికల్లో ముడిచమురు విలువను పక్కన పెట్టి ఈ శాతాన్ని చూపించడం అందుకే. అయితే ఈ వాదన ఆగవలసిన చోట ఆగకుండా, వాల్వులు, గాస్కెట్లు, స్ట్రక్చరల్ ఫ్యాబ్రికేషన్, కన్వేయర్ రోలర్లు, భద్రతా పరికరాల దాకా వచ్చేస్తుంది.

నా అనుభవంలో లక్ష్యం నెరవేరేదీ లేనిదీ బిడ్లు తెరిచే రోజుకు చాలా ముందే, ఇండెంట్ (ఏ వస్తువు ఎంత కావాలో విభాగం రాసిచ్చే పత్రం) తయారయ్యే దశలోనే ఖాయమైపోతుంది. నాలుగు విభాగాలు విడివిడిగా కొనుక్కుంటున్న వస్తువులను ఒకే పెద్ద ప్యాకేజీగా కలిపితే కాగితాల పని తగ్గుతుందన్నది నిజమే. కానీ ఆ ప్యాకేజీ విలువకు తగినట్లు గత అనుభవం, టర్నోవరు నిబంధనలు కూడా పెరిగిపోతాయి కాబట్టి, అంతవరకు ఆ నాలుగింటిలో మూడింటిని సరఫరా చేస్తున్న చిన్న పరిశ్రమ అర్హత దగ్గరే ఆగిపోతుంది. తర్వాత ఆ సంస్థే బిడ్ వేయలేదని రికార్డుల్లో కనిపిస్తుంది. నాణ్యత, సాంకేతిక ప్రమాణాలకు లోబడి సూక్ష్మ, చిన్న సంస్థలకు గత అనుభవం, టర్నోవరు షరతులను సడలించవచ్చన్న ఉత్తర్వులు ఉన్నాయి. ఆ సడలింపు ఇవ్వాలా వద్దా అన్నది కొనుగోలుదారు విచక్షణకే వదిలిపెట్టినందువల్ల, టెండరు పత్రంలో ముందే రాయించుకోకపోతే తర్వాత అడిగి ప్రయోజనం ఉండదు.

అందువల్ల శాతంతో మొదలుపెట్టి వస్తువుల వైపు వెళ్లే పద్ధతిని నేను ఎవరికీ సూచించను. ముందుగా గత రెండు మూడేళ్ల పర్చేజ్ ఆర్డర్లను వస్తువుల వారీగా పరచుకుని, ఇప్పటికే చిన్న పరిశ్రమలు ఇస్తున్నవి, ఇవ్వగలిగి ఉండీ ప్యాకేజీల్లో కలిసిపోయినవి, ఎలాగూ ఇవ్వలేనివి అని మూడుగా వేరు చేయాలి. రెండో వర్గంలోనే అసలు పని ఉంటుంది. ఆ విలువను ఇండెంట్ వేసే విభాగాలకు, మూడు నెలలకొకసారి చూసుకునేలా పంచినప్పుడే అది లక్ష్యం అనిపించుకుంటుంది. అలా పంచని చోట ఫిబ్రవరి, మార్చి నెలల్లో హౌస్‌కీపింగ్, అద్దె వాహనాలు, స్టేషనరీ ఆర్డర్లతో అంకెను నింపడం మొదలవుతుంది. చట్టప్రకారం అందులో తప్పు లేకపోయినా, ఆ అంకె వల్ల ఇంజనీరింగ్ యూనిట్లకు ఒరిగేదేమీ లేదు.

సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనబోయే వాటి వార్షిక ప్రణాళికను ప్రతి సంస్థా తన వెబ్‌సైట్‌లో పెట్టాలని ఉత్తర్వే చెబుతోంది. ఏప్రిల్‌లో ఆ ప్రణాళిక చదివే చిన్న పరిశ్రమలు చాలా తక్కువ, చదవదగినంత వివరంగా దాన్ని తయారు చేసే సంస్థలు కూడా తక్కువే.

అపోహ: రక్షణ శాఖ కిందికి వచ్చే సంస్థలకు ఈ లక్ష్యం వర్తించదు.

నౌకాదళ కేంద్రం, నేవల్ డాక్‌యార్డ్, షిప్‌యార్డ్ ఉన్న నగరం కావడంతో ఈ మాట ఇక్కడ బాగా ప్రచారంలో ఉంది. రక్షణ శాఖ లక్ష్యాన్ని లెక్కించేటప్పుడు ఆయుధ సామగ్రి దిగుమతులను కలపరు. ఆయుధ వ్యవస్థలు, క్షిపణుల వంటివి ఈ విధానం పరిధిలోకి రావు. పైపు ఫిట్టింగులు, ఫర్నిచర్, రంగులు, మరమ్మతు సేవలకు మాత్రం ఆ మినహాయింపు లేదు.

అపోహ: ఉద్యమ్ నమోదు ఉంటే చాలు.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు కేంద్రం దగ్గర చేసుకునే నమోదుకు ఇచ్చే ఉద్యమ్ పత్రం తప్పనిసరే గాని, దాన్ని చూపించిన ప్రతివారికీ ఈ ప్రయోజనం దక్కదు. తాము తయారు చేసిన వస్తువులను, తాము అందించే సేవలను అమ్మే సూక్ష్మ, చిన్న సంస్థలకే ఇది వర్తిస్తుంది. సరుకు కొని అమ్మే వ్యాపారులకు 2021లో ఉద్యమ్‌లో చోటిచ్చింది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల కోసం మాత్రమే. సివిల్ పనుల కాంట్రాక్టులూ దీని పరిధిలో లేవు. మధ్యతరహా సంస్థలకు ఉద్యమ్ నమోదు ఉన్నా ఈ 25 శాతంలో వాటా లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పరిమితుల ప్రకారం చిన్న సంస్థ అంటే యంత్ర సామగ్రిపై పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్లు దాటనిది. ఎదిగితే అన్నీ పోతాయన్న భయంతో కొందరు యజమానులు మరో పేరుతో రెండో సంస్థ పెడుతుంటారు. పై వర్గంలోకి మారిన తర్వాత కూడా పన్నేతర ప్రయోజనాలు మూడేళ్లపాటు కొనసాగుతాయని 2022 అక్టోబరు నోటిఫికేషన్ చెబుతోంది కనుక, ఆ తిప్పలు పడనవసరం లేదు.

అపోహ: ఎస్సీ, ఎస్టీ, మహిళా పారిశ్రామికవేత్తల వాటా 25 శాతానికి అదనం.

ఎస్సీ, ఎస్టీల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం ఆ 25లో భాగాలే. భాగస్వామ్య సంస్థలోనైనా, ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలోనైనా ఎస్సీ, ఎస్టీల వాటా కనీసం 51 శాతం ఉండాలి. వారి నుంచి బిడ్లు రాకపోయినా, వచ్చినవి ఎల్-1 ధరకు దిగి రాకపోయినా 4 శాతాన్ని మిగతా సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొని పూర్తి చేయవచ్చు. ఈ వెసులుబాటును చివరి మార్గంగా వాడవలసి ఉండగా, మొదటి మార్గంగా వాడుతున్నారన్నది నా అభిప్రాయం. ఉప లక్ష్యం చేరాలంటే అటువంటి యూనిట్లు ఏయే వస్తువులు చేస్తున్నాయో ముందుగా తెలుసుకుని, వెండర్ నమోదు పూర్తయ్యాకే టెండరు పిలవాలి.

అపోహ: ధరావతు మినహాయింపు ఉంది కాబట్టి ఇక ఏ డిపాజిట్టూ కట్టనవసరం లేదు.

టెండరు పత్రాలు ఉచితం, బిడ్‌తోపాటు కట్టే ధరావతుకు (ఈఎండీ) మినహాయింపు ఉంటుంది. ఆర్డరు వచ్చాక, పని సరిగా చేస్తామన్న హామీగా ఇవ్వవలసిన పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీకి ఆ మినహాయింపు వర్తించదు. బ్యాంకు గ్యారంటీకి ఎంత మార్జిన్ కట్టాలో ధర వేసేటప్పుడే లెక్కలో వేసుకోవాలి.

అపోహ: జీవీఎంసీ టెండర్లకూ ఇదే 25 శాతం.

ఈ ఉత్తర్వు కేంద్ర మంత్రిత్వ శాఖలకు, వాటి విభాగాలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు మాత్రమే పరిమితం. విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ), విద్యుత్ పంపిణీ సంస్థ రాష్ట్ర నిబంధనల ప్రకారం నడుస్తాయి.

అపోహ: పెద్ద కాంట్రాక్టరు కింద చేసే పని లెక్కలోకి రాదు.

విశాఖలోని ఫ్యాబ్రికేషన్ యూనిట్లలో చాలావాటికి ఆర్డరు నేరుగా రాదు, పెద్ద కాంట్రాక్టరు నుంచి జాబ్ వర్క్‌గా వస్తుంది. సూక్ష్మ, చిన్న సంస్థకు ఇచ్చిన సబ్ కాంట్రాక్టును కూడా వాటి నుంచి చేసిన కొనుగోలుగానే పరిగణిస్తారు. కాంట్రాక్టరు ఎవరి చేత ఎంత విలువైన పని చేయించాడో, ఆ యూనిట్ ఉద్యమ్ సంఖ్య ఏమిటో చెప్పాలన్న షరతు ఒప్పందంలో లేనందువల్ల ఆ విలువ ఎక్కడా నమోదు కాకుండా పోతుంది. లక్ష్యం చేరడం కష్టంగా ఉందని చెప్పే కొనుగోలు విభాగాలకు నేను మొదట సూచించేది, కాంట్రాక్టరు బిల్లుతోపాటు ఈ వివరాల పట్టికను కూడా జతచేయాలన్న ఒక్క వాక్యాన్ని టెండరు షరతుల్లో చేర్చమని. జాబ్ వర్క్ చేసే యూనిట్లు కూడా ప్రతి ఇన్‌వాయిస్‌పై తమ ఉద్యమ్ సంఖ్యను, అసలు పర్చేజ్ ఆర్డర్ సంఖ్యను రాయడం అలవాటు చేసుకుంటే, ఆ పట్టిక నింపడం కాంట్రాక్టరుకు భారం కాదు.