గోల్కొండ చప్పట్లు, సెల్‌ఫోన్ సిగ్నలు

హైదరాబాద్

చిట్టితల్లికీ, చిన్నోడికీ అమ్మమ్మ దీవెనలు.

మీరు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. గోల్కొండ ద్వారం దగ్గర చప్పట్లు కొడితే కొండమీద వినిపిస్తుందంటారు కదా, నిజమేనా, లేక ఎక్కడైనా మైకు దాచారా అని అడిగారు. మైకు లేదు నాన్నా. ఆ చప్పుడు పైకి వెళ్లడానికి కరెంటు అసలే అక్కర్లేదు. ఈ సెలవులకు వచ్చినప్పుడు మీ చేతులతోనే పరీక్ష చేయిస్తాను. ఎలాగో ముందే రాస్తున్నాను, ఫోన్లో చెబితే మీరు సగం విని పెట్టేస్తారు.

కోట లోపలికి అడుగుపెట్టగానే ఒక గుమ్మటం కింద నిలబడతాం. తలెత్తి చూస్తే దాని లోపలి గోడ నున్నగా ఉండదు, పలకలు పలకలుగా చెక్కి ఉంటుంది. అక్కడ చప్పట్లు కొడితే ఆ చప్పుడు నాలుగు దిక్కులా చెదిరిపోకుండా కొండ పైనున్న బాలా హిస్సార్ మండపం దాకా వెళ్తుంది. రెండడుగులు పక్కకు జరిగి కొడితే అంత బాగా వినిపించదు. కొండ ఎత్తు సుమారు 120 మీటర్లు. కాపలావాళ్లు కింద నుంచి పైకి కబురు పంపడానికి పెట్టుకున్న ఏర్పాటు ఇది.

అయితే ఆ కబురులో ఏముంటుంది? ఎవరో వచ్చారని తెలుస్తుంది, అంతే. వచ్చింది చుట్టమో శత్రువో ముందే అనుకున్న లెక్కను బట్టి తెలుసుకోవాలి. నేను ఊళ్ల మధ్య ఫోన్లు కలిపే ట్రంక్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరుగా ఉన్నప్పుడు చూసిన తంతి, అంటే టెలిగ్రాం, కూడా దాదాపు ఇంతే. మాటకింత అని డబ్బు కాబట్టి, ఉన్న విషయాన్ని నాలుగైదు మాటల్లో కుదించేవాళ్లు. తంతి వచ్చిందంటే చాలు, విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి, అందులో ఉద్యోగం వచ్చిందన్న వార్త ఉన్నా సరే! 2013 జూలైలో మన దేశంలో తంతి సేవ ఆపేశారు.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి. వేరే ఊరికి మాట్లాడాలంటే మాకు బుక్ చేసి కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. తొందర పెరిగిన కొద్దీ రేటూ పెరిగేది. ఫలానా మనిషే లైన్లోకి రావాలంటే పీపీ కాల్ అనేవాళ్లం. మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి టైమ్ అయిందని చెప్పడం మా పని. ఆ మూడు నిమిషాల్లో సగం "హలో, వినపడుతోందా?" తోనే పోయేది. పాపం అనిపించేది. ఆపరేటరుతో పనిలేకుండా నేరుగా తిప్పుకునే ఎస్టీడీ మన దేశంలో 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైంది. మన చిన్న ఊళ్లకు వచ్చేసరికి చాలా ఏళ్లు పట్టింది. 1995 జూలై 31న మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ మాట్లాడారు. ఆ కొత్తలో మనకు వచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టాలి, అందుకని జనం ఫోన్ మోగితే ఎత్తేవాళ్లు కాదు.

ఇప్పుడు పరీక్ష. మీరిద్దరూ అమ్మతో బాలా హిస్సార్ ఎక్కండి. నేను గుమ్మటం కింద ఉంటాను. వీడియో కాల్ పెట్టుకుని మీ ఫోన్ సౌండ్ పూర్తిగా తీసేయండి. తెరమీద నా చేతులు కలవగానే చిన్నోడు స్టాప్‌వాచ్ నొక్కాలి. గాలిలో వచ్చే అసలు చప్పుడు చెవిన పడగానే చిట్టి "ఆపు" అనాలి. నా చేతులు కలవడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లే నడుస్తుంది మరి. ఫోన్ సిగ్నల్ టవర్‌కి కాంతి వేగంతో వెళ్తుంది. వచ్చిన సెకన్లను 340తో గుణిస్తే మన మధ్య దూరం సుమారుగా తేలుతుంది. వీడియో కూడా కాస్త ఆలస్యంగానే వస్తుంది కాబట్టి అసలు దూరం ఇంకొంచెం ఎక్కువే అనుకోండి. గైడ్లు కిలోమీటరు అంటారు. అదెంతవరకు నిజమో లెక్కేసి మీరే చెప్పండి.

ఇంకో తమాషా. డాలస్‌లో మామయ్య చప్పట్లు కొట్టినా, ఆ బొమ్మ గోల్కొండ చప్పుడు కంటే తొందరగా మీ దగ్గరికి రావచ్చు. అది ఉపగ్రహం నుంచి దిగుతుందని మీరు అనుకుంటారేమో. ఎక్కువ భాగం సముద్రం అడుగున వేసిన కేబుళ్లలో వస్తుంది. సన్నని గాజు తీగల్లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది. ముంబై, చెన్నై తీరాల్లో ఆ కేబుళ్లు ఒడ్డెక్కుతాయి.

ఇంత ఏర్పాటున్న కోట ఎలా పడిపోయిందని అడుగుతారు, నాకు తెలుసు. 1687లో ఔరంగజేబు 8 నెలలు ముట్టడించినా లోపలికి రాలేకపోయాడు. చివరికి అబ్దుల్లా ఖాన్ అనే కోటలోని అధికారే లంచం తీసుకుని రాత్రివేళ చిన్న తలుపు తెరిచాడు. లోపలివాడే గడియ తీస్తే చప్పట్లు కొట్టేదెవరు? అబ్దుల్ రజాక్ లారీ అనే సేనాని మాత్రం ఒంటినిండా గాయాలయ్యేదాకా పోరాడాడు. అతని ధైర్యానికి మెచ్చి ఔరంగజేబే వైద్యుల్ని పంపాడు. మనం బయటి ప్రాకారం దాటే ఫతే దర్వాజాకి ఆ పేరు మొఘలుల గెలుపు గుర్తుగా వచ్చిందే. ఓటీపీ చెప్పమని ఎవరైనా ఫోన్ చేస్తే నాకు ఆ చిన్న తలుపే గుర్తొస్తుంది. అమ్మ ఫోన్ పట్టుకుని ఆడేటప్పుడు మీరూ గుర్తు పెట్టుకోండి.

దారిలో రామదాసు చెరసాల కూడా చూద్దాం. రాముడు పలకకపోతే సీతమ్మతో చెప్పించుకున్నాడాయన. అదీ కబురే, కాకపోతే సిగ్నల్ ఎప్పుడొస్తుందో తెలియని కబురు.

ఆదివారం మాత్రం వద్దు. ఆ రోజు వచ్చినవాళ్లంతా చప్పట్లు కొడుతుంటారు, ఏది నాదో మీకు తెలియదు. మామూలు రోజున పొద్దున్నే వెళ్దాం. అయినా జాగ్రత్తగా, నేను మూడు కొట్టి, కాస్త ఆగి, ఇంకొకటి కొడతాను. మెట్లు 300కు పైనే, చెప్పులు కాదు షూస్ వేసుకోండి. పుల్లట్లు చేసి డబ్బాలో సర్దుతాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ