ఒక్కో ఫైల్లో ఒక్కో విలువ: సిస్‌ఎఫ్‌ఎస్ ఎలా వచ్చింది, ఫోన్లలో ఎందుకు మొండికేస్తుంది

లినక్స్ ఫోన్లో స్క్రీన్ వెలుగు తగ్గించడమంటే ఒక ఫైల్లో ఒక అంకె రాయడమే. ఆ ఫైల్ స్టోరేజీలో ఉండదు; పరికరాలను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్ అనే ఏర్పాటులో, అంటే /సిస్ ఫోల్డర్‌లో కనిపిస్తుంది. తెరిచి చదివితే ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవరే, అప్పటికప్పుడు జవాబు చెబుతుంది.

ప్రాసెస్‌లను, అంటే నడుస్తున్న ప్రోగ్రాములను, ఫైళ్లుగా చూపే ప్రాక్ (/ప్రాక్ ఫోల్డర్) 1984 నాటి యూనిక్స్ ఆలోచన. లినక్స్‌లో అది ప్రాసెస్‌లతో ఆగలేదు. డిస్కులు, బ్యాటరీ, ఏసీపీఐ (కంప్యూటర్ పవర్ నిర్వహణ ప్రమాణం), ఏదైనా సరే డ్రైవర్ రాసినవాళ్లు తమకు తోచిన ఆకారంలో అందులో పడేశారు. ఒకచోట పట్టిక, మరోచోట వాక్యాలు. ఒక్క వరుస అటూఇటూ అయినా చదివే స్క్రిప్టు కుప్పకూలేది.

లినక్స్ గుండెకాయైన కెర్నెల్ 2.5 వెర్షన్‌లో ఉన్న రోజుల్లో, డెవలపర్ ప్యాట్రిక్ మోచెల్ మొదలుపెట్టిన డ్రైవర్‌ఎఫ్‌ఎస్సే సిస్‌ఎఫ్‌ఎస్‌గా మారి, 2003 డిసెంబరులో 2.6తో వచ్చింది. అసలు అవసరం పవర్ మేనేజ్‌మెంట్: బస్‌ను (పరికరాలను కలిపే దారిని) నిద్రపుచ్చే ముందు దానికి వేలాడే పరికరాలన్నీ నిద్రపోవాలి. అందుకు ఏది దేనికింద ఉందో తెలిపే చెట్టు కావాలి. ఫైళ్లు ఆ చెట్టుకు కాసిన కాయలు. ఫైలుకు ఒకే విలువ అన్న నియమం ప్రాక్ నేర్పిన పాఠం.

ఇప్పుడు స్క్రీన్ వెలుగు ఫైళ్లుండే /సిస్/క్లాస్/బ్యాక్‌లైట్ కింద చూడండి. ఒకే రకం పరికరాల గుంపే క్లాస్. ముందు మ్యాక్స్_బ్రైట్‌నెస్ చదవాలి. అంతకు మించి బ్రైట్‌నెస్‌లో రాస్తే కెర్నెల్ ‘ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్’ అంటుంది. సున్నా రాస్తే కొన్ని ఫోన్లలో స్క్రీన్ పూర్తిగా నల్లబడుతుంది, తర్వాతి కమాండ్ గుడ్డిగా కొట్టాల్సిందే. అడ్మిన్ హక్కులిచ్చే సుడోతో ఎకో (అంకెను ముద్రించే కమాండ్) పెట్టి బాణం గుర్తుతో ఫైల్లోకి మళ్లిస్తే అనుమతి లేదంటుంది, ఎందుకంటే ఫైల్ తెరిచేది సుడో కాదు, మామూలు యూజర్ షెల్ (మనం కమాండ్లు కొట్టే ప్రోగ్రామ్). తనకు అందింది ఫైల్లో రాసే టీ (tee) కమాండ్‌ను సుడోతో నడిపితే పనవుతుంది. రీబూట్ అయితే ఆ మార్పును సిస్‌ఎఫ్‌ఎస్ గుర్తుంచుకోదు.

బ్యాటరీకి పవర్_సప్లై క్లాస్ 2007లో, 2.6.23తో వచ్చింది. వోల్టేజ్_నౌలో 3850000 కనిపిస్తే 3.85 వోల్టులు, లెక్క మైక్రోవోల్టుల్లో. టెంప్‌లో 312 అంటే 31.2 డిగ్రీలు. థర్మల్ జోన్‌లో మాత్రం అదే వేడి సాధారణంగా 31200గా కనిపిస్తుంది. కరెంట్_నౌ దగ్గరే చిక్కు: ఛార్జవుతున్నప్పుడు ఒక డ్రైవర్ ధన సంఖ్య ఇస్తే, ఇంకొకటి రుణ సంఖ్య ఇస్తుంది. గుర్తును నమ్మకుండా పక్కనే ఉన్న స్టేటస్ ఫైల్ చూడటం మేలు.

/సిస్/డివైసెస్ కింది పొడుగాటి దారిని స్క్రిప్టులో రాసుకుంటే కెర్నెల్ మారినప్పుడు తెగిపోవచ్చు. క్లాస్ దారే పట్టుకోవాలి. జీపీఐఓ పిన్నుల (ప్రోగ్రామ్‌తో ఆన్, ఆఫ్ చేయగల చిప్ కాళ్ల) సిస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లకైతే కాలం చెల్లింది. పిన్నును ఎక్స్‌పోర్ట్ చేసిన (వాడుకోవడానికి తీసుకున్న) ప్రోగ్రామ్ చచ్చినా పిన్ను విడుదల కాదు, నంబర్లూ నిలకడగా ఉండవు. 2016లో 4.8 కెర్నెల్ వీటికి క్యారెక్టర్ డివైస్‌ను (ప్రోగ్రామ్ నేరుగా తెరిచి వాడే డివైస్ ఫైల్‌ను) తెచ్చి పాతదాన్ని పక్కనపెట్టింది.

ఆండ్రాయిడ్‌లో ఇంకో తాళం ఉంది. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్‌ను తాకవచ్చో లేబుళ్లు, పాలసీ అనే నియమాలతో తేల్చే ఎస్‌ఈలినక్స్, 2014 నాటి 5.0 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. ఫైల్‌కు 666 అనుమతులున్నా (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు అని), దాని లేబుల్‌ను పాలసీ ఒప్పుకోకపోతే రాత ఆగిపోతుంది. కారణం ఫైళ్ల అనుమతులు చూపే ఎల్‌ఎస్ మైనస్ ఎల్ (ls -l) కమాండ్‌లో దొరకదు. కెర్నెల్ లాగ్‌లో ఎస్‌ఈలినక్స్ తిరస్కరణను తెలిపే ‘ఏవీసీ డినైడ్’ వరుస వెతకాలి.