మ్యాప్‌లో పక్కనే ఉంది, నడిస్తే ఎక్కడో ఉంది

ఏ వీధి నుంచి ఆస్పత్రికి, బడికి నడిచి చేరాలంటే ఎంతసేపు పడుతుందో లెక్కగట్టి మ్యాపులు, రిపోర్టులు ఇవ్వడం మా పని. ఈ వారంలో ఇది మూడో ఫోన్. "మ్యాప్‌లో ఆస్పత్రి మా ఇంటికి 400 మీటర్లే, మీ రిపోర్ట్‌లో 25 నిమిషాలని రాశారేంటి, తప్పు కదా?" తప్పు కాదండీ. అందరూ పొరబడేది ఇక్కడే.

అపోహ: ఇంటి చుట్టూ 500 మీటర్ల సర్కిల్ గీసి, అందులో బడి, మందుల షాపు, పార్కు పడితే అన్నీ అందుబాటులో ఉన్నట్టే.

వాస్తవం: సర్కిల్ అంటే స్కేలు పెట్టి కొలిచిన దూరం, మనం నడిచేది రోడ్ల మీద. చదరంగం బోర్డులా రోడ్లు నీట్‌గా ఉన్న ఊళ్లో కూడా 500 మీటర్లు నడిచి చేరగలిగేది డైమండ్ ఆకారమే, సర్కిల్‌లో 64 శాతమే, మిగతాది కాగితం మీద అందుబాటు. మధ్యలో రైల్వే లైనో, కాలువో వస్తే ఇంక చెప్పక్కర్లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే చేశా, రెండు క్లిక్కుల్లో బఫర్ (అదే, ఆ సర్కిల్) గీసి ఇచ్చేశా. తర్వాత ఫీల్డ్‌కి వెళ్తే ఓ పెద్దావిడ కనబడ్డారు, "అదిగో ఆ కనిపించేదే కదమ్మా ఆస్పత్రి" అన్నా. "కనిపిస్తుంది బాబూ, వెళ్ళడానికే దారి లేదు" అన్నారు. పట్టాల పక్కన పొడుగ్గా గోడ, గోడ చివర ఫుట్‌బ్రిడ్జి, దానికి మెట్లు. నేను ఒక్కణ్ణే నడిస్తే 17 నిమిషాలు, ఆవిడతో కలిసి నడిస్తే 31, మెట్ల మీదే నాలుగుసార్లు ఆగారు. సాఫ్ట్‌వేర్ మాత్రం అందర్నీ గంటకి 5 కిలోమీటర్లు నడిపించేస్తుంది. అప్పట్నించి నెట్‌వర్క్ దూరం, అంటే నిజంగా నడిచే దారుల వెంట కొలిచిన దూరం తప్ప ఇంకోటి వాడను, పార్కు అయితే మ్యాప్‌లో దాని మధ్యలో ఉండే చుక్క దాకా కాదు, గేటు దాకా కొలుస్తా.

బస్టాప్ దగ్గరుంటే చాలు అనేది ఇంకో అపోహ. 40 నిమిషాలకో బస్సు వచ్చే చోట టైమ్ చూసుకోకుండా వెళ్తే సగటున 20 నిమిషాలు నిలబడాలి. ప్రజా రవాణా ఎంతమందికి అందుబాటులో ఉందో కొలిచే ఐక్యరాజ్యసమితి సూచిక కూడా బస్సుకి 500 మీటర్లు, రైలుకి కిలోమీటరు అని స్టాప్ దాకానే చూస్తుంది, అక్కడ ఎక్కితే ఎక్కడికి చేరతామో చెప్పదు.

ఇంక "15 నిమిషాల నగరం" అనే ఆలోచన మీద తిరిగే పుకారు ఒకటి, జనాన్ని ఏరియా దాటనివ్వరట! దయచేసి ఆ ఫార్వర్డ్‌లు నాకు పంపకండి. ప్యారిస్‌లో ప్రొఫెసర్ అయిన కార్లోస్ మోరెనో 2016లో చెప్పింది రోజువారీ అవసరాలు నడకలోనో సైకిల్ మీదో అందాలని, అంతే. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో కొన్ని రోడ్ల మీద కార్లని తగ్గించడానికి పెట్టాలనుకున్న ట్రాఫిక్ ఫిల్టర్లని (పర్మిట్ లేని కార్లని కెమెరాతో పట్టే ఏర్పాటు) దీంతో కలిపేసి 2023లో గొడవ చేశారు, అదింకా తిరుగుతోంది.

"మీ మ్యాప్‌లో మా వీధి ఎరుపులో వచ్చింది, ఇల్లు అమ్ముడుపోదేమో" అని భయపడేవాళ్లని చూస్తే మాత్రం జాలేస్తుంది. ఆ ఎరుపు మీ ఇంటికి వేసిన మార్కు కాదండీ, దారి లేదని చెప్పే రంగు. ఫుట్‌బ్రిడ్జి అడగాలంటే చూపించాల్సింది అదే మ్యాప్. ఓసారి మీరే నడిచి టైమ్ చూడండి, మా లెక్క కంటే ఎక్కువొస్తే ఎక్కడ ఆగాల్సొచ్చిందో రాసి పంపండి, తాళం వేసిన గేట్లు మా డేటాలో కనబడవు.