రిపోర్టు నెగటివ్ వస్తే మంద శుభ్రమేనా? పంది మాంసంపై అపోహలు - వాస్తవాలు

పందుల షెడ్ల నుంచి, మాంసం కొట్ల నుంచి వచ్చే సాల్మొనెల్లా (మనకు జ్వరం, విరేచనాలు తెచ్చే బాక్టీరియా) పరీక్షల ఫలితాలకు లెక్కలు కట్టడం నా పని. భీమవరం, పాలకొల్లు, రాజోలు వైపు ఏ రైతును కలిసినా ఇదే మాట: "ఆయ్, రిపోర్టు నెగటివేనండి. ఇంక భయం లేనట్టే కదా?" మిగతా అపోహలన్నీ కలిపినా ఇంత నష్టం చేయవు. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: శాంపిళ్లన్నీ నెగటివ్ అయితే మందలో సాల్మొనెల్లా లేనట్టే.

వాస్తవం: ఎన్ని శాంపిళ్లు తీశారో చెప్పకపోతే ఆ నెగటివ్‌కు అర్థమే లేదు. మీ మందలో పదింట ఒక పంది సాల్మొనెల్లా మోస్తోందనుకోండి. ఐదు పందుల నుంచి శాంపిల్ తీస్తే, ఐదూ నెగటివ్ వచ్చే అవకాశం నూటికి 59. పది తీస్తే 35. ముప్పై తీస్తే 4. పెద్ద గణితమేం కాదు, 0.9ని అన్నిసార్లు హెచ్చవేయడమే. ఇంకా సులువుగా కావాలంటే, అన్నీ నెగటివ్ వచ్చినప్పుడు 3ని శాంపిళ్ల సంఖ్యతో భాగించండి. 30కి 30 నెగటివ్ వచ్చినా మందలో 10 శాతం దాకా ఉండొచ్చు. 95 శాతం నమ్మకంతో అంతవరకే చెప్పగలం. ఒక్క శాతం లోపే ఉందని చెప్పాలంటే 300 దాకా శాంపిళ్లు కావాలి.

పరీక్ష దేన్నీ వదలకుండా పట్టుకుంటుందనుకుంటేనే ఈ లెక్క. సాల్మొనెల్లా ఉన్న పంది దాన్ని రోజూ పెంటలో వదలదు. పేగుల్లో, టాన్సిల్స్‌లో, లింఫ్ గ్రంథుల్లో ఉంచుకుని, లారీ ప్రయాణం, ఎండ, కొత్త పందులతో కలిపిన టెన్షన్ తగిలేసరికి ఎక్కువగా వదులుతుంది. షెడ్డులో నెగటివ్ వచ్చిన మంద కబేళాలో పాజిటివ్ రావడం మామూలే.

పాలకొల్లు దగ్గర ఒక రైతు ఐదు శాంపిళ్ల రిపోర్టును ప్లాస్టిక్ కవర్లో దాచుకుని బేరానికి వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. తర్వాతి లాటులో పాజిటివ్ వచ్చింది, కొన్నాయన సరుకు తిప్పి పంపేశారు. ల్యాబ్ వాళ్లు డబ్బు తిన్నారని ఊళ్లో పుకారు పుట్టింది. అది విని పక్క షెడ్డాయన భయంతో పందుల్ని సగం ధరకే తెగనమ్ముకున్నారు. నిజానికి రెండు రిపోర్టుల్లోనూ తప్పు లేదు! మొదటి శాంపిళ్లు ఎక్కడ తీశారని అడిగితే, గేటు పక్కనున్న ఒక్క గదిలోనే అన్నారు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా అమ్మా?" అని అడిగారాయన. గిన్నెలో ప్రతి మెతుకుకీ ఒకటే సెగ తగులుతుంది కాబట్టి అక్కడ చెల్లుతుంది. బాక్టీరియా గుంపులుగా ఉంటుంది. ఒక గదిలో సగం పందులకు ఉండి, పక్క గదిలో ఒక్కదానికీ లేకపోవచ్చు. ఒకే గదిలో పది తీసే బదులు గదికి రెండు చొప్పున తీయండి.

ఒక్క పాజిటివ్ రాగానే మంద మొత్తం పోయిందనుకుని కుంగిపోయే వాళ్లను చూస్తే మనసు కలుక్కుమంటుంది. యూరప్ నిబంధనల్లో కూడా 50 కళేబరాలకు 3 పాజిటివ్‌ల దాకా ఒప్పుకుంటారు. అది దాటితే కోసే పద్ధతి సరిచేసుకోమంటారు. దయచేసి తొందరపడి అమ్ముకోకండి.

అపోహ: సగటు బాగుంటే చాలు.

వాస్తవం: తొమ్మిది కళేబరాల మీద చదరపు సెంటీమీటరుకు 100 బాక్టీరియా, పదోదాని మీద పేగు తెగి 10 లక్షలు ఉన్నాయనుకోండి. లాగ్ సగటు (100కి 2, 10 లక్షలకి 6 అని సున్నాలు లెక్కపెట్టి తీసే సగటు) 2.4 వస్తుంది, అంటే దాదాపు 250. కాగితం మీద చక్కగా కనిపిస్తుంది. ఎవరో ఒకరి ఇంటికి వెళ్లేది ఆ పదోదే. సగటుతో పాటు అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకె కూడా అడగండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. 2020లో అస్సాంలో బయటపడ్డ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ పందుల ప్రాణం తీస్తుంది కానీ మనుషులకు సోకదు. వాట్సాప్‌లో ఏమొచ్చినా సరే. వాసన లేనంత మాత్రాన సాల్మొనెల్లా లేనట్టు కాదు. ఫ్రిజ్‌లో అది పెరగడం ఆగుతుందే గానీ చావదు. యెర్సీనియా అనే మరో బాక్టీరియా అయితే 4 డిగ్రీల దగ్గర కూడా పెరుగుతుంది.

ఆదివారం పిల్లాడికి కూర పెట్టానని భయంగా ఫోన్ చేసే తల్లులూ, ముక్క లోపలికంటా 70 డిగ్రీల వేడి రెండు నిమిషాలు తగిలితే చాలు, సాల్మొనెల్లా చస్తుంది. మెత్తగా ఉడికిన కూరకు అంతకంటే ఎక్కువే తగులుతుంది. పచ్చి మాంసం కోసిన కత్తిపీట మీదే కొత్తిమీర, ఉల్లిపాయ కోయకండి. జ్వరంతో పాటు రక్త విరేచనాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.